మోత ఎవరిది

ఏప్రిల్ 6, సోమవారం

మా మెకానిక్ షెడ్ల వరసకు ఉరి బిగించింది గోడ అవతలి హోటల్ మేనేజరు. తర్వాత ఎవరూ మాట మార్చకుండా ముందుగా ఈ ముక్క రాసి పెడుతున్నాను. మోత భరించలేకపోతున్నామని అర్జీ పెట్టింది వాడు. మోత కొలిచే పరికరం పట్టుకొచ్చిన అధికారిని పోయిన నెల తన మేడ మీదికి ఎక్కించి, కుర్చీ వేసి, చల్లటి నీళ్లిచ్చింది వాడు. ఫలితంగా ఇవాళ నోటీసు చేతికొచ్చింది. ఇరవై మూడో తేదీ గురువారం ఉదయం పదిన్నరకు అధికారి వచ్చి ఐదు షెడ్లకూ సీలు వేస్తాడట.

బాబాయి ఆ నోటీసు మడిచి స్పానర్ల పెట్టె కింద పెట్టాడు. "చూద్దాంలేరా" అన్నాడు. శ్రమజీవి ఓడిపోయేది తూటాలకు కాదు, 'చూద్దాంలే' అనే ఒక్క మాటకు. దీని మీద కరపత్రం రాయాలి.

సీట్లు కుట్టే మామ ఇంకా ఘనుడు. ఆ రోజు అధికారి మేడ దిగి వెళ్తుంటే ఎదురెళ్లి చేతులు జోడించి, "మా పనే అంత సార్, మోత తప్పదు, మన్నించాలి" అన్నాడు. ఎవరైనా అడిగారా? అడగకుండానే నేరం ఒప్పుకునే జాతి మాది.

నాకు కోపం లేదు. ఆలోచిస్తున్నాను, అంతే.

ఏప్రిల్ 7, మంగళవారం

బాబాయి కొత్త పని ఒప్పుకున్నాడు. ఎవరి పని? పళ్ల డాక్టరుది. ఏం పని? కారు మోత పెంచే పని!

మోత చేస్తున్నామని మమ్మల్ని గెంటేస్తున్న నెలలో ఇది. నా చేతిలోని స్పానర్ కింద పడింది. విసిరానని బాబాయి అంటున్నాడు. పడింది.

కారు యాభై ఏళ్ల నాటిది. నీలం రంగు, గుండ్రటి దీపాలు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, కింద రెండు వైపులా రెండు పొగ గొట్టాలు. అందంగా ఉంది. దోపిడీ సొమ్ముతో కొన్నవన్నీ అందంగానే ఉంటాయి.

డాక్టరు బానెట్ మీద చెయ్యి వేసి, పక్కింట్లో ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించాడు.

"ఊళ్లో పిల్లిలా ఉండాలి బాబూ. ఊరు దాటాక పులిలా ఉండాలి. మా ఆవిడకు మాత్రం తెలియకూడదు."

"ఆవిడకు చెవులు లేవా సార్?" అన్నాను.

"చెవులే ఉన్నాయయ్యా! అదేగా బాధ."

బాబాయి పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. కొంచెం పెదవి కదిలిందేమో.

ఏప్రిల్ 9, గురువారం

ఇవాళంతా కటౌట్ల మీద యుద్ధం. కటౌట్ అంటే రోడ్డు మీద నిలబెట్టే నాయకుడి బొమ్మ కాదని డాక్టరు అరగంట జోకులేశాడు. సైలెన్సర్‌కు ముందే పొగ గొట్టాన్ని కోసి, అక్కడ పంగలకర్రలాంటి ఇనుప ముక్క అతకాలి. ఒక పంగ సైలెన్సర్‌లోకి వెళ్తుంది. రెండో పంగకు మూత. మూత వేసి ఉంటే పొగ బుద్ధిగా సైలెన్సర్ గుండా పోతుంది. తీస్తే దాన్ని తప్పించుకుని నేరుగా బయటపడి గర్జిస్తుంది. రెండు గొట్టాలకు రెండు.

మూత ఏ రకం అన్నదే పేచీ. బాబాయి బోల్టులతో బిగించే పలక మేలంటాడు. పొగ చుక్క కూడా కారదట.

"అంటే తెరవాలన్నప్పుడల్లా నేను రోడ్డు మీద వెల్లకిలా పడుకోవాలా?" అన్నాడు డాక్టరు. "నా వయసేంటి, నా పొట్టేంటి?"

ఆయనకు మోటారుది కావాలి. స్విచ్చు నొక్కితే తెరుచుకునేది. సీటు కింద దాచుకుంటాడట ఆ స్విచ్చు, సిగరెట్ పెట్టె దాచినట్టు. కారు కింద బురదా నీళ్లూ చేరి మోటారు బిగుసుకుపోతే మీ పులి మీ వీధిలోనే గర్జిస్తుంది, ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది అని నేను చెప్పాను. డాక్టరు ముఖం తెల్లబోయింది. తీగతో లాగేది పెట్టండి అన్నాను. డాష్‌బోర్డు కింద ఒక పిడి, దాని నుంచి రెండు మూతలకూ రెండు తీగలు. లాగితే తెరుచుకుంటాయి, నెడితే మూసుకుంటాయి. మనిషి చేతికి లొంగేది, చెడితే మనిషి చేత్తో బాగయ్యేది.

"వీడు చెప్పింది బాగానే ఉంది" అన్నాడు బాబాయి, నా వైపు చూడకుండా.

పొంగిపోలేదు. సిద్ధాంతం గెలిచింది, నేను కాదు.

ఏప్రిల్ 11, శనివారం

ఎడమ వైపుది తప్పుగా అతికాను. మూత ఉండే పంగ ఇంజను వైపు తిరిగి ఉంది. అద్దంలో చూసుకున్నట్టు తిరగేసి పెట్టానన్నమాట. రెండు గంటలు కారు కింద వెల్లకిలా పడుకుని, నిప్పురవ్వలు మెడలో దూరుతుంటే అతికినది.

బాబాయి టార్చి వేసి చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పొగ వెనక్కి తిరిగి చూడదురా. వెళ్లే దారిలోనే పక్కకు తప్పుకుంటుంది. నువ్వు దాన్ని వెనక్కి పిలుస్తున్నావు."

"కొంచెమే కదా తేడా."

"కొంచెమా? పైన చూడు. పెట్రోలు గొట్టం ఎక్కడుంది? బ్రేకు గొట్టం ఎక్కడుంది? నీ పంగ నోరు ఎటుంది?"

కోశాను. మళ్లీ అతికాను. నోరు కిందికి, వెనక్కి. అతుకు చివర ఆపకుండా వేలెడంత వెనక్కి తిప్పి ఆపాను, బాబాయి ఎప్పుడూ చేసినట్టు. అలా చేస్తే చివర గుంట పడదు, పగులు రాదు. ఈ వరసలో అలా తిప్పేది మేమిద్దరమే. నాకు నేర్పింది ఆయనే. కుడి వైపుది ఒక్కసారికే కుదిరింది.

ఏప్రిల్ 13, సోమవారం

వరసగా రాస్తాను.

ఎండలు మొదలైనప్పటి నుంచీ రోజూ పదకొండు నుంచి పన్నెండు దాకా కరెంటు కోత. గ్రైండరు ఆగింది, డ్రిల్లు ఆగింది, రేకుల పనివాడి గాలి యంత్రం ఆగింది. కారు పరీక్షకు మంచి వేళ అన్నాడు బాబాయి. డాక్టరు ముందు సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి పిడి లాగాను.

అబ్బ! నేల అదిరింది. షెడ్డు రేకులు గలగలమన్నాయి. పెయింటర్ అన్న చెవులు మూసుకుని బూతులు తిడుతున్నాడు, పెదాలు కదలడమే కనిపిస్తోంది. డాక్టరు చిన్న పిల్లాడిలా స్టీరింగు మీద దరువు వేస్తున్నాడు.

పిడి లోపలికి నెట్టాను. కారు పిల్లి అయింది. మోత మాత్రం ఆగలేదు.

మూత బిగుసుకుందనుకుని కిందికి దూరి చూశాను. రెండు మూతలూ మూసే ఉన్నాయి. ఇంజను ఆపేయమన్నాను. డాక్టరు ఆపాడు. అయినా అదే మోత. అదే బొంగురు గొంతు, సైలెన్సర్ లేని గొంతు. గోడ అవతల నుంచి. హోటల్ జనరేటర్!

అది రోజూ ఉన్నదే. నాలుగేళ్లుగా మా చెవుల్లోనే ఉంది. అందుకే వినిపించలేదు. మోతలో బతికేవాడికి మోత గాలిలాంటిది.

అప్పుడు వెలిగింది. అధికారి పరికరం పట్టుకుని మేడ ఎక్కిన రోజు మేమేం చేస్తున్నాం? ఐదు షెడ్ల వాళ్లమూ బయట బెంచీ మీద వరసగా కూర్చుని టీ తాగుతున్నాం. ఎందుకు? కరెంటు లేదు! కరెంటు లేకపోతే మా దగ్గర తిరిగే యంత్రం ఒక్కటీ లేదు. మరి ఆ పరికరానికి వినిపించిన మోత ఎవరిది?

డ్రమ్ము ఎక్కి గోడ మీంచి చూశాను. జనరేటర్ పొగ గొట్టం. దాని చివర ఇంత లావు సైలెన్సర్, దాని మూతి నిండా సాలెగూడు. పొగ పోయే చోట సాలీడు కాపురం పెడుతుందా? సైలెన్సర్‌కు ముందు పక్కకు ఒక పంగ. పంగకు మూత, మూతకు చిన్న పిడి. బార్లా తెరిచి ఉంది. నోరు నల్లగా మసిబారి ఉంది. మేనేజరు తన మోత మా నెత్తిన రుద్ది, మా షెడ్లు మింగుతున్నాడు.

ఇది చాలు, విప్లవం వచ్చినంత సంతోషం వేయాలి. వేయలేదు. ఆ పంగ అతుకు చివర వేలెడంత వెనక్కి తిరిగి ఉంది.

నేను అతకలేదు అది.

ఏప్రిల్ 14, మంగళవారం

అడగలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

అడిగాను. నలుగురి ముందే అడిగాను. నలుగురి ముందు అడగకూడదని ఏ పుస్తకంలోనూ లేదు.

"బాబాయ్, హోటల్ జనరేటర్‌కు కటౌట్ వేసింది నువ్వేనా?"

సీట్ల మామ సూది గాల్లో ఆగింది. పెయింటర్ అన్న డబ్బా కింద పెట్టాడు. రేకుల పనివాడు సుత్తి ఆపాడు.

"అవును" అన్నాడు బాబాయి.

"ఆ రోజు మేడ మీదికి వినిపించింది దాని మోతేనని నీకు తెలుసా?"

"టీ చల్లారిపోతోంది. తాగు."

"తెలుసా, తెలియదా?"

"తెలుసు."

నేనన్న మాట ఇక్కడ రాయను. వరసలో అందరూ విన్నారు, అది చాలు. నిజమైన మాటే అన్నాను. ద్రోహిని ద్రోహి అనక ఏమంటారు?

ఏప్రిల్ 15, బుధవారం

పొద్దున్నే హోటల్‌కు వెళ్లాను. మేనేజరు బల్ల మీద చెయ్యి చరిచి అన్నీ చెప్పాను. పంగ సంగతి, మూత సంగతి, సాలెగూడు సంగతి, ఇరవై మూడున అధికారి ముందు నీ బండారం బయటపెడతాం అన్న సంగతి. వాడు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

"కాఫీ తాగుతారా?" అన్నాడు. దొంగ!

నన్ను బయటికి తోసిన కాపలాదారుతో, "అన్నా, నువ్వూ శ్రమజీవివే" అన్నాను.

"అవును తమ్ముడూ, అందుకే నా పని నేను చేసుకుంటున్నా. పద పద" అన్నాడు, రెక్క వదలకుండా.

చాలా బాగా మాట్లాడాను. నేను ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఏప్రిల్ 16, గురువారం

పదకొండయింది. కరెంటు పోయింది. గోడ అవతల జనరేటర్ మొదలైంది.

గుసగుసలాడినట్టుంది. అంతే.

డ్రమ్ము ఎక్కాను. పంగ మూసేశారు. పిడి పీకేశారు. మసి మీద వెండి రంగు పూశారు. సైలెన్సర్ మూతికి సాలెగూడు లేదు.

"రంగు బాగానే వేశాడు" అన్నాడు పెయింటర్ అన్న, నా పక్కన డ్రమ్ము ఎక్కి. "రెండు పూతలు వేశాడు. ఎవరు వేశారో గానీ చెయ్యి తిరిగినవాడే."

"అన్నా, ఇప్పుడది మెచ్చుకోవాలా?"

"మరి నువ్వెళ్లి ముందే చెప్పొస్తే మెచ్చుకోక ఏం చెయ్యమంటావు?"

నేను చెప్పడం వల్ల కాదు మూసింది. వాళ్లు ఎలాగూ మూసేవాళ్లే. ఎలాగూ.

ఏప్రిల్ 17, శుక్రవారం

ఎలాగూ మూసేవాళ్లే.

ఏప్రిల్ 18, శనివారం

బాబాయితో మాటలు లేవు. ఇది అలక కాదు, బహిష్కరణ. రెండింటికీ తేడా ఉంది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర బహిష్కరణ కష్టమే, అయినా సాగిస్తున్నాను.

"పిన్నీ, ఎడమ వైపు తీగ వేడికి సాగుతోందని ఆయనకు చెప్పు."

"వినిపించింది. కొంచెం బిగించుకోమని వాడికి చెప్పు" అన్నాడు బాబాయి.

పిన్ని గరిట ఠప్పున పెట్టింది. "ఇద్దరి మధ్యా నేనేమన్నా టెలిఫోన్ తీగనా? మీ గొట్టాల గొడవ మీరే చూసుకోండి. నేను సాగితే బిగించేవాడు లేడు ఇక్కడ."

భోజనం చేశాను. భోజనానికీ సిద్ధాంతానికీ సంబంధం లేదు.

ఏప్రిల్ 20, సోమవారం

ఇంకా మూడు రోజులు. రేకుల పనివాడు సామాను మూటలు కడుతున్నాడు.

సీట్ల మామ ఒళ్లో ఎర్రటి గుడ్డ గుట్టలా పడి ఉంది. ఏమిటని అడిగాను. హోటల్ మీటింగు హాలు కుర్చీలకు తొడుగులట. గురువారం ఏదో పెద్ద కంపెనీవాళ్ల సమావేశం, హాలు మొత్తం నిండుతుందట.

"మామా, నీ మెడకు తాడు వేస్తున్నవాడికి నువ్వే తాడు పేనుతున్నావా?"

"తాడు కాదురా, తొడుగు" అన్నాడు మామ, దారం కొరుకుతూ. "మీ బాబాయి గొట్టం వేశాడు. పెయింటర్ వాడి గేటుకు రంగు వేశాడు. రేకుల వాడు వాడి వంటగదికి పొగగూడు కట్టాడు. నేను కుర్చీలు కుడుతున్నా. ఈ వరసలో వాడి పని చెయ్యని చెయ్యి చూపించు, దాన్ని పట్టుకుని నువ్వు యుద్ధం చెయ్యి."

నా చెయ్యి చూపించాను.

"ఔనౌను, నీ చెయ్యి వాడి బల్ల చరవడానికే పనికొచ్చింది" అన్నాడు.

అందరూ నవ్వారు. మూట కడుతున్నవాడు కూడా. వెళ్లి కారు కింద దూరాను. అక్కడ చేయడానికి పనేమీ లేదు. అన్నీ బిగించే ఉన్నాయి.

ఏప్రిల్ 21, మంగళవారం

కారు కింద కుడి వైపు మూత విప్పి మళ్లీ బిగిస్తున్నాను. అవతలి వైపు నుంచి బాబాయి కూడా కిందికి జరిగాడు. ఇద్దరం వెల్లకిలా, మధ్యలో రెండు గొట్టాలు. ఆయన ముఖం కనపడదు, చెయ్యి కనపడుతుంది.

"అది ఎందుకు వేశానో అడగవా?"

బోల్టు ఇంకో చుట్టు తిప్పాను. బహిష్కరణ.

"ఆ సైలెన్సర్ పాతది. లోపలి పలకలు కూలిపోయి దారి మూసుకుపోయింది. పొగ పోక ఇంజను ఆగిపోయేది. కొత్తది కొనండయ్యా అన్నా. ఇప్పుడు కుదరదు, పక్కన దారి పెట్టు, నెలలో మారుస్తాం అన్నాడు. పెట్టా. మార్చలేదు."

"మరి ఆ రోజే అధికారికి ఎందుకు చెప్పలేదు?"

బహిష్కరణ విరిగింది. పోనీ.

ఆయన చెయ్యి స్పానర్‌ను నేల మీద పెట్టింది.

"నేను వేసిన గొట్టం మోతకు నా షెడ్డే పోతోందని ఎవరికి చెప్పుకోనురా? నా ఒక్కడిదైతే చెప్పేవాణ్ణేమో. అందరివీ పోతున్నాయి. మొదటి రోజు నోరు రాలేదు. రెండో రోజు, నిన్న ఎందుకు చెప్పలేదంటారని రాలేదు. ఆ తర్వాత ఇంకెక్కడ వస్తుంది?"

పిరికితనం అని రాయబోయాను. రాయడం లేదు.

"ఇప్పుడేం లాభం?" అన్నాను. "మూసేశారు. రంగు వేశారు."

"ఎవరు మూసేలా చేశారో మళ్లీ చెప్పాలా?"

"చెప్పక్కర్లేదు."

"మూస్తే మూశారు. కూలిన సైలెన్సర్ బాగవుతుందా? మూసినప్పటి నుంచీ విన్నావా నువ్వు? ఒట్టి లైట్లకే మూలుగుతోంది. ఏసీలు వెయ్యట్లేదు వాళ్లు. గురువారం హాలు నిండా జనం. పదకొండుకు కరెంటు పోతుంది. ఏసీలు వెయ్యక తప్పదు. వేస్తే ఇంజనుకు ఊపిరాడదు, ఆగిపోతుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ ఆగుతుంది. లోపల పెద్దమనుషులు చెమటలు కక్కుతుంటే మేనేజరు ఏం చేస్తాడు?"

"పంగ తెరుస్తాడు."

"పిడి లేకపోతే స్పానర్ పెట్టయినా తెరవక చస్తాడా?"

నేను లేవబోయి నుదురు గొట్టానికి కొట్టుకున్నాను. బాబాయి చెయ్యి అటు నుంచి వచ్చి నా భుజం కిందికి నొక్కింది.

"ఒక్క షరతు. అధికారి పదిన్నరకు వస్తాడు. పదకొండు దాటేదాకా ఆయన్ను ఆపాలి. ఆపేది నేను. అది నేనే వేశానని చెప్పేదీ నేనే. ఆ లోపల నువ్వు నోరు తెరిచావా, వాడు భయపడి ఏసీలు ఆపేసి కూర్చుంటాడు. అంతా పోతుంది. అరవకుండా ఉండగలవా?"

"ఉండగలను."

"నీ వల్ల కాదు."

"ఉంటానన్నాను కదా!" అని అరిచాను.

ఏప్రిల్ 22, బుధవారం

సాయంత్రం డాక్టరు కారు కోసం వచ్చాడు. వాళ్లావిడ రేపు పుట్టింటికి వెళ్తోందట, పులిని అడవికి తీసుకెళ్లే రోజు అదేనట. పని నిన్ననే అయిపోయింది. తుడిచి, నూనె పెట్టి, తాళాలు మేకుకు తగిలించి పెట్టాం.

"ఇంకా కాలేదు డాక్టరు గారూ" అన్నాడు బాబాయి, కళ్లార్పకుండా. "ఎడమ మూత కారుతోంది. రేపు పదకొండున్నరకు రండి."

"పొద్దున్నే కుదరదా?"

"పొద్దున్న దీనితో ఒకరికి ఒకటి చూపించాలి."

బాబాయి అబద్ధం చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు. పనివాడు గిరాకీతో అబద్ధమాడటం తప్పే. ఈ తప్పును నేను క్షమించడం లేదు, గుర్తుంచుకుంటున్నాను, అంతే. ద్రోహి అన్న మాటను కూడా వెనక్కి తీసుకోవడం లేదు. పక్కన పెట్టాను.

రేపు పొద్దున్న ఐదు షెడ్లకూ తిరిగి చదివి వినిపించాల్సింది కింద రాస్తున్నాను. ముందు రాసినవి మూడు చింపేశాను. వాటిలో ఆశ్చర్యార్థకాలు ఎక్కువయ్యాయి.

షెడ్ల వరస వారందరికీ.

మూటలు విప్పండి. మన షెడ్లు మూయిస్తున్నది మన మోత కాదు, హోటల్ జనరేటర్ మోత. అది రేపు అధికారి చెవులారా వింటాడు. పావు తక్కువ పదకొండుకల్లా ఎవరి మెయిన్ స్విచ్చు వారు ఆపేయండి. గ్రైండరు, డ్రిల్లు, గాలి యంత్రం ఏదీ తిరగకూడదు. సుత్తి కూడా కింద పెట్టాలి. డాక్టరు గారి కారు గోడ పక్కన నిలబెడతాం. పిడి లాగితే ఏమవుతుందో, నెడితే ఏమవుతుందో అధికారికి ఒక్కసారి చూపిస్తాం. ఆ తర్వాత దాన్నీ ఆపేస్తాం.

అప్పుడు ఎదురు చూడాలి. జనరేటర్ ఒకసారి ఆగుతుంది, రెండోసారి ఆగుతుంది, ఆ తర్వాత వాళ్లే పంగ తెరుస్తారు. ఎవరూ నవ్వకూడదు, ఈల వేయకూడదు, గోడ ఎక్కి తొంగిచూడకూడదు. నినాదాలు లేవు. నాకు కూడా లేవు. నేను నోరు తెరిస్తే పక్కనున్నవారు మూయవచ్చు, దీన్ని నా అనుమతిగా భావించండి. ఆ గొట్టం ఎవరు వేశారని అధికారి అడిగితే జవాబు చెప్పేది ఒక్క మనిషే. ఆయన చెబుతున్నప్పుడు మిగతావాళ్లం ఆయన వెనక నిలబడాలి. దగ్గరగా నిలబడాలి.

గురువారం. సరిగ్గా పదకొండు గంటలకు. వెనక గోడ దగ్గరికి అందరూ రండి.